చందా సరకులు – పోపులపెట్టె

తెల్లవారుజామున అయిదున్నర గంటలకు మా గుమ్మమునకు వ్రేలాడుచున్న గుడ్డసంచిలో రెండు పాల ప్యాకెట్లు పడును. వేసిపోవు కుర్రవాని ముఖమును మేమెన్నడో గాని చూడలేదు. మెట్లమీద వాని యడుగుల చప్పుడు మాత్రము మాకు పరిచితము. బెజవాడ సత్యనారాయణపురములో మేము కాపురమున్న భవనమున పండ్రెండు వాటాలు కలవు. అందు తొమ్మిదింటి గుమ్మములకు ఇట్టి సంచులే వ్రేలాడుచున్నవి.

2025 వేసవి సెలవులకు ముందు మా పాఠశాలలో క్రొత్తగా చేరిన గణితోపాధ్యాయుడు, అప్పుడే కాపురము పెట్టినవాడు, మమ్మొక ప్రశ్న యడిగెను. "మాస్టారూ, బియ్యము, పప్పులు, నూనె, సబ్బులు అన్నీ నెలనెలా వాటంతట అవే ఇంటికి వచ్చేటట్టు చందా పెట్టుకోవడము లాభమేనా? మీరు పెట్టుకున్నారట గదా!" మేము తడుముకొనకుండ "లాభమే, సందేహమేల?" అని చెప్పితిమి. ఆ సాయంకాలము ఈ మాట మా గృహిణితో చెప్పగా ఆమె చింతపండు పిక్కలు తీయుచు, తల యెత్తకయే, "లాభమే. ఎవరికో అది కూడా చెప్పవలసింది" అనెను. ఆ మాటకు అర్థము తెలియుటకు మాకు మూడు నెలలు పట్టినది. నాడు మేము చెప్పిన జవాబునకు సవరణమే ఈ వ్యాసము.

ఇట్టి యేర్పాటు మనకు క్రొత్తదని యెంచరాదు. పాలవాడుక మన తాతలనాటిది. 'వాడుక' యను మాటలోనే దాని మర్మమంతయు నున్నది. ఉపయోగించుకొనుటయు వాడుకయే, అలవాటును వాడుకయే, నమ్మకముతో దినదినము పోయించుకొనుటయు వాడుకయే. ఇంట గేదెను కట్టుకొన్న యామె పూటపూటకు పాలుపోసి, గోడమీద బొగ్గుతో గీత గీసి, నెల తిరిగిన పిదప లెక్క చూచుకొనెడిది. చుట్టములు వచ్చిననాడు "ఇంకొక గిద్దెడు పొయ్యవే" యనిన పోసెడిది. ఊరికి పోవునాడు "మూడు దినములు వద్దు" అనిన మానెడిది. వీధి మొదట నున్న శెట్టిగారి అంగడిలోని పద్దుపుస్తకమును అట్టిదే.

చందా యను మాట పారసీకము నుండి మనకు వచ్చినది. ఇంగ్లీషువారి సబ్‌స్క్రిప్షన్ అను మాట లాటిను భాషనుండి పుట్టినది. దాని ధాత్వర్థము 'క్రింద వ్రాయుట'. అనగా, ఒకరు పైన వ్రాసిన షరతుల క్రింద మరియొకరు చేవ్రాలు చేయుట. వాడుకలో షరతులను ఇరువురును కూడి నోటిమాటగా ఏర్పరచుకొనిరి. చందాలో పైన వ్రాయువాడొకడు, క్రింద వ్రాయువాడొకడు. చదువరులు ఈ భేదమును జ్ఞాపకముంచుకొందురు గాక. దీనితో మాకు ముందు పనియున్నది.

నేటి రూపములో ఈ పద్ధతిని అమెరికాలో అమెజాను సంస్థ 2007లో ఇంటి సరకులకు ప్రవేశపెట్టెను. సరకునెన్నుకొని, అది యెన్నాళ్ళకొకమారు రావలెనో చెప్పినచో, ధరలో కొంత తగ్గించి గడువు ప్రకారము పంపుచుందురు. మన దేశమున 2011లో బెంగుళూరున పుట్టిన బిగ్‌బాస్కెట్, 2015లో ఢిల్లీ చెంతనున్న గురుగ్రామ్‌లో పుట్టిన మిల్క్‌బాస్కెట్ మొదలగు సంస్థలు పాలను, పచారీ సరకులను ప్రొద్దుటిపూట గుమ్మము చెంత పెట్టు పద్ధతిని నగరములలో వ్యాపింపజేసినవి. 2020లో యు.పి.ఐ. చెల్లింపులకు ఆటోపే యను సౌకర్యము చేరినది. దానితో డబ్బు మనము ముట్టకయే మన ఖాతా దాటిపోవుట మరింత సులభమైనది. వ్యాపారి తగ్గింపునిచ్చుటకును కారణము కలదు. రేపు ఏ వీధికి ఎన్ని కిలోల కందిపప్పు కావలెనో నేడే తెలిసిన వానికి గిడ్డంగి ఖర్చును బండి ఖర్చును తగ్గును. అంతకంటె మించిన లాభము మరియొకటి యున్నది: చందాదారుడు ఇంకొక అంగడి గుమ్మము త్రొక్కడు, ధర పోల్చి చూడడు. ఒకమారు నిర్ణయించి పిదప నిర్ణయించుట మానివేసిన వానికిచ్చు బహుమానమే ఆ తగ్గింపు.

మేము చందా కట్టుటకు కారణము మంచిదేయని యిప్పటికిని మా నమ్మకము. మా యింట మా తల్లిగారితో కలిపి అయిదుగురము. నెల మొదటివారమున జాబితా వ్రాయుట, అంగడికి పోవుట, సంచులు మోయించుకొని వచ్చుట, డబ్బాలు నింపుట, ఏది ఎప్పుడు నిండుకొనునో జ్ఞాపకముంచుకొనుట – ఇదంతయు మా గృహిణి తలమీదనే యుండెడిది. స్త్రీల యింటిచాకిరి తగ్గవలెనని సభలలో చెప్పు మాకు, స్వగృహమున ఆ చాకిరి తగ్గించు యంత్రము దొరికినదని సంతోషము కలిగెను. 2024 నవంబరులో ఒక ఆదివారము రాత్రి కూర్చుండి, పది నిమిషములలో, పంతొమ్మిది సరకులకు మా ఫోనులో చందా కట్టితిమి. ఎన్ని కిలోలు వలయునో మాకు తోచినట్లు వ్రాసితిమి. ఆమె నడుగలేదు. మరునాడు ఆమెకొక కానుకగా ఈ వార్త చెప్పవలెనని మా యూహ.

ఆరు నెలలైన పిదప, ఏప్రిలు చివర, గణితోపాధ్యాయునకు జవాబు చెప్పినవారము గనుక లెక్కయు చూడవలెనని కూర్చుంటిమి. చందా సరకుల ముద్రిత ధర నెలకు సుమారు 4,000 రూపాయలు. నూటికి అయిదు వంతున తగ్గింపు నెలకు 200. ఆరు నెలలకు 1,200. సభ్యత్వ రుసుము నెలకు 50 వంతున 300. పురుగుపట్టి పారవేసిన గోధుమపిండి, బొంబాయి రవ్వ, సెనగపిండి వెల 480. ఇవి రెండును తీసివేయగా నిలిచిన లాభము 420 రూపాయలు. ఆ యంకెను చూచి మా పెద్దకుమారుడు పకపక నవ్వెను. 2024 జూలై 1వ తేదీతో పాత శిక్షాస్మృతి పోయినను, మోసమను నేరమునకు అందులో నుండిన ఆ సంఖ్య కీర్తి మాత్రము ఇంకను పోలేదు. ఇదిగాక అలమరలో ఏడు సబ్బులు, నాలుగు లీటర్ల పాత్రలు తోము ద్రవము, మూడు పళ్ళపొడి డబ్బాలు మా డబ్బును పట్టుకొని మౌనవ్రతమున కూర్చుండినవి.

ఇట్లేల జరిగినది? సరకు కల్తీది కాదు, తూకము తక్కువ కాదు. దోషమంతయు మా పది నిమిషములలో నున్నది. ఇంటి ఖర్చు నదీప్రవాహము వంటిది గాని గొట్టపు నీరు వంటిది కాదు. కార్తికమున మా తల్లిగారు ఉపవాసములుండిన దినములలో బియ్యము తగ్గినది, అటుకులు పెరిగినవి. సంక్రాంతికి పిల్లలతో మేము పదిదినములు ఊరికి పోయితిమి. సరకులు మాత్రము మూసిన తలుపు చెంతకు ఎప్పటివలెనే వచ్చినవి. వేసవిలో ఆవకాయ పెట్టునపుడు ఒక్క వారములో ఆరుకిలోల నూనె కావలసివచ్చినది. చందా నాలుగు లీటర్లే యిచ్చినది. సంస్కృతమున యోగక్షేమములని జంటగా చెప్పుదురు. లేనిదానిని సంపాదించుట యోగము, ఉన్నదానిని కాపాడుట క్షేమము. చందా మనకు యోగమును మాత్రమే చేసిపెట్టును. డబ్బా అడుగున నున్న పాతపిండిని ముందు వాడి క్రొత్తదానిని వెనుకకు పెట్టు క్షేమమును అది యెరుగదు. ఆ పని చేయు చేయి ఇంటిలోనే యుండవలెను.

ధరల సంగతియు నిట్టిదే. 2023 జూలైలో టమాటాల ధర పలు పట్టణములలో కిలో నూరు దాటి, కొన్నిచోట్ల రెండువందలు దాటినపుడు మా గృహిణి రెండునెలలు చింతపండుతోను మామిడికాయతోను వంట నడిపెను; మాకు తేడాయే తెలియలేదు. ధర పెరిగినపుడు చేయి వెనుకకు తీయుట, తరిగినపుడు రెండు పాళ్ళు కొని యెండబెట్టుట, దొరకనిదానికి మారుగా దగినదానిని వెదకుట – ఇది గృహవిద్య. చందాకు ఈ విద్య లేదు. ఆ దినమున ఏ ధరయున్న ఆ ధరకే అది కొనును. మేమెన్నుకొన్న నూనె లేదని యొకనాడు దానికి మారు వేరొక ప్యాకెట్టు వచ్చినది. ధర యించుమించుగా నదియే, లోపల మాత్రము 910 గ్రాములకు బదులు 850 గ్రాములు. తూనికలు కొలతల నిబంధనలను 2021లో సవరించి, ప్యాకెట్టుమీద మొత్తము ధరతోపాటు గ్రామునకో కిలోకో ఎంత పడునో కూడ ముద్రింపవలెనని శాసించిరి. మంచి శాసనము. కాని చదువువాడు చదివినగదా అక్షరమునకు బలము! చందా కట్టినవాడు చదువుట మానివేసిన పాఠకుడు.

అంతమాత్రమున ఈ పద్ధతిని నిందించుట న్యాయము కాదు. మా గురువర్యులొకరు, ఎనుబదియేండ్ల వృద్ధులు, లిఫ్టులేని భవనమున మూడవ అంతస్తులో భార్యతో నుందురు. ఇద్దరికిని మోకాళ్ళ నొప్పులు. అమెరికాలోని డాలస్ నగరమున నున్న వారి కుమార్తె అక్కడనుండియే వీరికి బియ్యము, పప్పులు, మందులు నెలనెల వచ్చునట్లు ఏర్పాటు చేసినది. పాతికకిలోల బియ్యపు బస్తా మూడంతస్తులెక్కి వంటయింటిలో దిగుట వారికి మహోపకారము. పొద్దున ఎనిమిదింటికి ఉద్యోగమునకు పోయి రాత్రి ఎనిమిదింటికి వచ్చు స్త్రీకిని ఇది వరమే. కాని యొక చిన్న సంగతి. రాగిజావ త్రాగు మా గురువుగారికి కుమార్తె ఆరోగ్యమునకు మంచిదని ఓట్సు పంపుచున్నది. వద్దని చెప్పవలెనన్న డాలస్‌లో తెల్లవారువరకు ఆగవలెను. తెల్లవారినపిదప "పిల్ల ప్రేమతో పంపుచున్నదిగదా" యని ఆగిపోవుదురు. వారి యింట ఓట్సు డబ్బాలు అయిదు పేరుకొన్నవి. తినువారొకరు, నిర్ణయించువారొకరు అయినచోట ప్రేమకూడ కొంత వృథాయగును.

ఇంతవరకు వచ్చిన పిదప మా గృహిణి యన్న 'ఎవరికి' యను ప్రశ్నకు రాక తప్పదు.

జూలై నెలలో ఒక ఉదయము మేము పాఠశాలకు బయలుదేరుచుండగా ఆమె గుమ్మము వరకు వచ్చి, "ఏమండీ, ఒక పదిహేనువందలు ఇస్తారా?" అనెను. చెప్పులు తొడుగుకొనుచు మేము, "ఎందుకు?" అంటిమి. ఆ మాటలో కోపము లేదు, అనుమానము లేదు; అలవాటుగా వచ్చిన మాట. ఆమె ఒక్క క్షణము మా వంక చూచి, "పనిమనిషి కూతురు ఇంటర్‌లో చేరింది. పుస్తకాలకు" అని చెప్పెను. వెంటనే యిచ్చితిమి. ఆమె తీసికొనెను. కాని ఆ చూపు మాతో పాఠశాలకు వచ్చినది. ఆ దినమున తొమ్మిదవ తరగతిలో ఏమి చెప్పితిమో మాకు జ్ఞాపకము లేదు.

పద్దెనిమిదేండ్ల కాపురములో ఆమె మమ్ము ఇట్టి పనికి డబ్బడుగుట అదియే మొదలు. మేము ఎందుకని యడుగుటయు మొదలు. అంతకు ముందు ఆ పిల్ల బడిఖర్చులు ఎవరు పెట్టిరి? ఆమె తమ్మునికి జ్వరము వచ్చినపుడు, మా తల్లిగారి కళ్ళద్దములు పగిలినపుడు, మా చిన్నవాడు విహారయాత్రకు పేరిచ్చి మాతో చెప్ప భయపడినపుడు డబ్బెక్కడనుండి వచ్చెను? పోపులపెట్టె నుండి. ఆవాలగిన్నె క్రింద, జీలకఱ్ఱగిన్నె క్రింద మడతపెట్టిన నోట్లనుండి. మొదటి తేదీని ఇంటిఖర్చునకు మేమిచ్చిన పండ్రెండువేలలో ఆమె నెలనెల మిగిల్చుకొను చిల్లర అది. ఆ సొమ్మునకు లెక్క ఎవరును అడుగరు. అడుగరాదను నీతి మన యిండ్లలో ఎవరును చెప్పకయే నిలిచియున్నది. చందా కట్టినపిదప సరకుల డబ్బు మా ఖాతానుండియే పోవుచున్నది గనుక, ఆమెకిచ్చు మొత్తమును ఆ మేరకు తగ్గించితిమి. అది న్యాయమేయని తోచెను. ఆమె యేమియు ననలేదు.

ఆ రాత్రి మేము మా లెక్కల కాగితమును ఆమె ముందు పెట్టితిమి. ఆమె వంటయింటి అలమర నుండి అట్టవూడిన నోటుపుస్తకము నొకదానిని తెచ్చి దాని చెంత పెట్టెను. అందు కిందటి సంవత్సరము అవే నెలలలో, ఈ యింటికే, ఈ అయిదుగురకే కొన్న అవే సరకుల వెలలున్నవి. సగటున నెలకు 3,350 రూపాయలు. మేము చందాకు తగ్గింపు పోగా చెల్లించినది 3,800; రుసుముతో 3,850. ధరల పెరుగుదలకు నూరు రూపాయలు విడిచిపెట్టినను నెలకు 400, ఆరు నెలలకు 2,400 రూపాయలు అధికము. మా 420 రూపాయల లాభము ముద్రిత ధరతో పోల్చి కట్టినది. ఆమె ముద్రిత ధర ఏనాడును ఇచ్చి యెరుగదు! మినుములు పంట వచ్చిన దినములలో కొనెను. చింతపండు విడిగా చూచి కొనెను. శెట్టిగారు బస్తా విప్పిన దినమున పప్పు కొనెను. ఇంట నున్న సబ్బులు లెక్కించి కొనెను. ఆమె నేర్పుచే నెలనెల పుట్టుచుండిన అయిదారువందలు చందావలన పుట్టుట మానివేసినవి. సంస్థ మాకిచ్చిన తగ్గింపు, మా యింటిలో నిదివరకే యున్న ఆదాకంటె చిన్నది. అదియు ఆమె పోపులపెట్టెలో గాక మా బ్యాంకుఖాతాలో పడినది.

"మోత తప్పింది. అది నిజమే. బియ్యము మోయనక్కరలేకపోవడము నాకు హాయిగానే ఉంది. కాని బరువు తీసివేస్తామని చెప్పి సంచీ కూడా తీసుకుపోయారు" అని ఆమె చెప్పెను.

మా పరిస్థితిని చదువరులు ఊహింతురు గాక. కుమార్తెకు ఆస్తిలో సమానహక్కునిచ్చు చట్టమును ఆంధ్రప్రదేశము 1986లోనే చేసినదని, దేశమంతయు 2005లో ఆ దారికి వచ్చినదని ప్రతి మహిళాదినోత్సవమున ఉపన్యసించువారము మేము. ఎకరముల విషయమున ఇంత న్యాయవాదులమైన మేము, ఆవాలగిన్నె క్రింది అయిదువందలను మాకే తెలియకుండ హరించితిమి.

ఈ చిల్లర చిన్నవిషయమని యెవరైన అందురేమో! ఇంగ్లండులో 1943లో ఒక వ్యాజ్యము జరిగెను. భర్త ఇంటిఖర్చున కిచ్చిన డబ్బులో మిగిల్చి భార్య ఆక్స్‌ఫర్డులోని సహకారసంఘమున దాచుకొన్న 103 పౌన్ల చిల్లర ఎవరిది యని ప్రశ్న. అది భర్తదేయని అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ యన్యాయము దిద్దుటకు ఇరువదియొక్క యేండ్లు పట్టినది. ఇంటిఖర్చులో మిగిలినదానియందు భార్యాభర్తలకు సమభాగమని 1964లో అక్కడ చట్టము చేసిరి. మన దేశమున 2016 నవంబరు 8వ తేదీ రాత్రి పెద్దనోట్లు రద్దయినపుడు, ఎన్ని యిండ్లలో స్త్రీలు బియ్యపుడబ్బాల నుండి నోట్లు తీసి తలవంచుకొని భర్తల చేతిలో పెట్టిరో మన మెరుగుదుము. 2024 జూలైలో మన సుప్రీముకోర్టు ఒక తీర్పున, సంపాదనలేని గృహిణికి భర్త ఉమ్మడిఖాతా వంటి సదుపాయములు కల్పింపవలసిన యావశ్యకతను గట్టిగా చెప్పినది. కోర్టులవరకు పోయిన విషయమును పోపుల విషయమని త్రోసివేయుట తగదు.

చందాదారుని రక్షించుటకు చట్టములు లేకపోలేదు. కొనువాని స్పష్టమైన సమ్మతి లేనిదే, ముందుగానే గుర్తుపెట్టిన గడులతో అంగీకారము గ్రహింపరాదని 2020 నాటి ఇ-వాణిజ్య నిబంధనలు చెప్పుచున్నవి. నియతముగా ఖాతానుండి పోవు సొమ్మును గూర్చి 24 గంటలు ముందుగా తెలుపవలెనని రిజర్వుబ్యాంకు పెట్టిన నియమము 2021 అక్టోబరు 1 నుండి అమలైనది. 2023 నవంబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ పదమూడు విధముల మాయోపాయములను పేర్కొని నిషేధించెను. చేరుట సులభముగను విడుచుట దుర్లభముగను చేయు చందాబోను అందులోనొకటి. మేము కొన్ని సరకులు మానుకొనబోయినపుడు ఆరు తెరలు దాటవలసివచ్చినది, ప్రతి తెరమీదను "నిజముగా మమ్ము విడిచిపోదురా?" అను ధోరణి ప్రశ్నయే. అయినను ఈ చట్టములన్నియు వ్యాపారినుండి చందాదారుని కాపాడునవి. చందాదారునినుండి వాని భార్యను కాపాడు చట్టమేది? అది ఇంటిలోనే వ్రాసికొనవలసినది.

మేము వ్రాసికొన్నది యిది. ఆగస్టు ఒకటవ తేదీనుండి ఇంటిఖర్చు మొత్తము, పూర్వము వలెనే పూర్తిగా, ఆమె స్వంత ఖాతాకు పోవును. చందాలన్నియు మా ఫోనునుండి తొలగినవి. ఏది ఉంచవలెనో ఏది మానవలెనో ఆమెయే నిర్ణయించెను. పాలు, బియ్యము, బట్టలసబ్బుపొడి – ఈ మూడింటికి ఆమె తన ఫోనులో చందా ఉంచుకొనెను. మొదటిది దినదినము మారనిది, రెండవది బరువైనది, మూడవది పాడుకానిది. తక్కిన పదునారును మరల శెట్టిగారి యంగడికి పోయినవి. మాకు ప్రియమైన కాఫీపొడి చందాను ఆమె మొట్టమొదట తీసివేసెను. ప్యాకెట్టులో వాసన పోవుచున్నదట, వారమునకొకమారు మేమే పోయి అప్పటికప్పుడు పట్టించి తేవలెనట. పోవుచున్నాము. యంత్రము చేయవలెనని మేము కోరిన పనిలో కొంత మా కాళ్ళే చేయుచున్నవి. చాకిరి తగ్గించుటకు ఇదియు నొక మార్గమని ఆ ఆదివారము రాత్రి మాకు తోచలేదు.

శెట్టిగారు మమ్ము చూచి నిష్ఠూరమాడలేదు. "రండి పంతులుగారూ, అమ్మగారి పుట అలాగే ఉంచాను" అని పద్దుపుస్తకము తీసిరి. 2020లో జనమంతయు ఇండ్లలో మూతపడిన దినములలో ఆయన మా వీధిలో పనులు పోయిన కుటుంబముల పద్దులు నాలుగు నెలలు పెంచుకొనుచు పోయెను గాని సరకాపలేదు. ఖాతాలో సొమ్ము లేనినాడు చందా తనంతట నాగిపోవును; అది దాని ధర్మము, దానిని తప్పుపట్టరాదు. కాని ఆగని పద్దునకు కొంత వెలకట్టవలెనని మాత్రము చెప్పగలము. శెట్టిగారి తూకమునందును ధరయందును మాకు తగవులు లేకపోలేదు. ఆ తగవు ముఖాముఖి ఆడుటకు అవకాశముండుటయే అందలి మేలు.

ఇంకొక మార్గమును కలదు. 1844 డిసెంబరులో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున ఇరువదియెనిమిదిమంది కూడి, పిండి, వెన్న, చక్కెర మొదలగు కొద్ది సరకులతో తమ యంగడిని తామే తెరచిరి. కల్తీలేని సరకు, సరియైన తూకము, మిగిలిన లాభము కొన్నవారికే – ఇవి వారి నియమములు. అచట స్త్రీలకును సభ్యత్వముండెను. మన దక్షిణాదిని 1904లో మదరాసులోని ట్రిప్లికేనున ఇట్టి సంఘమే వెలసినది. అచట పైన వ్రాయువారును క్రింద వ్రాయువారును ఒక్కరే. మా భవనములోని పండ్రెండు వాటాల గృహిణులు ఈ దసరాకు మిల్లునుండి బియ్యము కలిసి తెప్పించుకొనిరి. బస్తాకు ఎంత మిగిలినదో వారు మాకు చెప్పలేదు. మేమును అడుగలేదు.

కావున గణితోపాధ్యాయునకు మా సవరించిన జవాబిది. నాయనా, చందా లాభమే. కాని కట్టుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుము. ఈ సరకు మా యింట నెలనెల ఒకే కొలతగా ఖర్చగునా? తగ్గింపును ముద్రిత ధరతో పోల్చుచున్నానా, మేము నిజముగా ఇచ్చుచుండిన ధరతో పోల్చుచున్నానా? మిగిలినది ఎవరి చేతిలో పడును? మొదటి రెండింటికి జవాబు నీ గణితము చెప్పును. మూడవదానికి జవాబు నీ యిల్లాలిని అడుగుము. పది నిమిషములలో కాదు, తీరికగా కూర్చుండి అడుగుము. ఫోను ఆమె చేతిలో పెట్టి అడుగుము.

చదువరులారా, ఇంటిపని తేలికచేయు సాధనములు ఇంకను ఎన్నియో వచ్చును, రావలెను కూడ. వచ్చిన ప్రతిదానిని స్వాగతించుడు. కాని అది పనిని మాత్రమే తీసికొని పోవుచున్నదో, పనితోపాటు పెత్తనమును కూడ తీసికొని పోవుచున్నదో ఒకమారు పోపులపెట్టె మూత తీసి చూడుడు. మూత తీయుటకు ముందు, ఆ పెట్టె యజమానురాలి అనుమతి తీసికొనుడు.